ఆ తాళం మనది కాదు

పొద్దున్నే ఎదురింటి చైనీస్ ఆంటీ మార్కెట్టుకు బయలుదేరుతూ ఇనప గేటుకు తాళం వేసుకుంటుంది. సింగపూర్‌లో, యూ టీ పేటలో, మా అంతస్తంతా వినిపిస్తుంది ఆ చప్పుడు. ముందు టక్కుమని తాళం పడుతుంది, వెంటనే దాన్ని ఒకసారి కిందికి లాగి చూస్తుంది. తాళం పడ్డ చప్పుడు ఎక్కడైనా వినొచ్చు. ఈ లాగి చూసే చప్పుడు వినగానే మాత్రం నాకు సుభాషిణి గారు గుర్తొస్తారు. తాళం వేసి, నమ్మేసి వెళ్ళిపోకూడదు, లాగి చూడాలి అని నాకు నేర్పింది ఆవిడే. ఈ దేశంలో నా మొట్టమొదటి బాస్. ఆవిడ పోయి ఏడాది దాటింది.

ఇవాళ ఆ చప్పుడు వినిపించిన వేళకే మూర్తి గారి దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. మూర్తి గారంటే మా సంఘం అధ్యక్షులు. యూ టీ, చోవా చూ కాంగ్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి పెట్టుకున్న చిన్న సంఘం మాది. ఈసారి ఉగాదికి ముఖ్య అతిథి ఖరారయ్యారట. ఆయనకు నా చేతుల మీదుగా శాలువా కప్పించాలని కమిటీ అనుకుంటోందట. అతిథి పేరు చదివి ఫోను బోర్లా పెట్టేశాను. ఈలోగా స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. తుడుస్తుంటే ఒళ్ళు మండిపోయింది.

ఆ అతిథి పేరు ఇక్కడ రాయను. ఆయన పేరుతో ఫ్లెక్సీలు ఆంధ్రాలో కావలసినన్ని ఉన్నాయి, నా కాగితం కూడా ఎందుకు? ఎమ్మెల్యేగా ఉండగా ఒక మనిషిని చంపించాడని కోర్టులో రుజువైంది. యావజ్జీవ శిక్ష పడింది. ఆ తర్వాత ఆయన పార్టీ గెలిచింది, శిక్ష మధ్యలోనే ఆయనకు క్షమాభిక్ష దొరికింది. మెళ్ళో దండలతో ఇంటికొచ్చాడు. చనిపోయిన మనిషి పేరు మాత్రం రాస్తాను. కోటేశ్వరరావు. సుభాషిణి గారి తమ్ముడు. అసలు ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ పేరు కోసమే. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అననివ్వండి.

నేను కాకినాడలో కెమికల్ ఇంజనీరింగ్ చదివి వచ్చి జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంటులో చేరాను. దీవిలోకి వెళ్ళే బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆగుతుంది. పాసులు చూపించి లోపలికి వెళ్ళేసరికి కాలిన నూనెలాంటి వాసనొకటి ముక్కుకు తగులుతుంది. మొదటి వారం తల తిరిగిపోయేది, తర్వాత ఆ వాసన తెలియడమే మానేసింది. సుభాషిణి గారు అక్కడ సేఫ్టీ విభాగానికి హెడ్. నీలం రంగు పనిబట్టలు, బరువైన బూట్లు, హెల్మెట్ కింద ముడి చుట్టిన జడ. ఊరు ప్రకాశం జిల్లా. ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన్ని పెళ్ళి చేసుకున్నారు, ఆయన పేరే ఆవిడ పేరు పక్కన ఉండేది. అయినా తెలుగు మాట్లాడితే అద్దంకి బస్టాండులో నిలబడ్డట్టుండేది. నేను తెలుగమ్మాయినని తెలిస్తే మొహం వెలిగిపోతుందనుకున్నాను. అలాంటిదేమీ లేదు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బూట్ల తాళ్ళు కట్టుకోమ్మా, పడతావు," అన్నారు. మా పరిచయం అంతే.

ప్లాంటులో ఒక పద్ధతుంది. పెద్ద పంపో ట్యాంకో బాగుచేయాలంటే ముందు దాన్ని ఆపేసి స్విచ్ దగ్గర తాళం వేస్తారు. ఒక్క తాళం కాదు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన ఎర్ర తాళం తాను వేసి, పేరూ ఫొటో ఉన్న బిళ్ళ దానికి తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుని దిగుతాడు. బయటికొచ్చాక ఎవరి తాళం వాళ్ళే తీసుకోవాలి. ఇంకొకరు తీయకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఒక్క తాళం మిగిలి ఉన్నా లోపల ఒక మనిషి ఉన్నట్టే లెక్క. ఆ యంత్రాన్ని నడపకూడదు.

నేను చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం పంపు బాగుచేయడం అయిపోయింది, తాళాలన్నీ తీసేశారు, ఒక్కటి మిగిలిపోయింది. ఆ మనిషి కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయాడని ఎవరో అన్నారు. ప్రొడక్షన్ మేనేజరుకు తొందర. పంపు ఆగిన ప్రతి నిమిషం ఆయన ప్రాణం మీదికొస్తుంది. తాళం కోసే కట్టర్ పట్టుకు రమ్మని నన్ను పంపించాడు. కొత్తగా చేరినదాన్ని, కాదనే ధైర్యం ఎక్కడిది? కట్టర్ తీసుకుని వస్తుంటే దారిలో సుభాషిణి గారు ఎదురయ్యారు.

"దేనికది?"

"తాళం ఒకటి మిగిలిపోయిందండి. ఆ మనిషి వెళ్ళిపోయాడట."

"అట అంటే ఏందమ్మా? నువ్వు చూశావా పోవడం?"

"లేదండి. చెప్పారు."

"ఎవరు చూసి చెప్పారు?"

ఆవిడ కట్టర్ నా చేతిలోంచి తీసుకుని, పంపు దగ్గరికి వెళ్ళి, ఆ తాళానికి అడ్డంగా నిలబడ్డారు. మేనేజరు ఇంగ్లీషులో గొంతు పెంచాడు. ఆవిడ పెంచలేదు. ఆ తాళం నాది కాదు, నీది కాదు, వేసినవాడు వచ్చి తీయాలి, లేదా బయట ఉన్నానని వాడి నోటితో వాడు చెప్పాలి, అన్నారు. ఆ పనివాళ్ళ బసకు ఫోన్లు చేయించారు. మనిషిని వెతికించి, కారు పంపించి రప్పించారు. అతను తలొంచుకుని వచ్చి, తన తాళం తీసుకుని, దాన్నొకసారి చూసుకుని సిగ్గుగా నవ్వాడు. అప్పుడు పంపు నడిచింది. మేనేజరు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

తిరిగొచ్చే బస్సులో నేనడిగాను. "ఒకవేళ ఆ మనిషి దొరక్కపోతే ఏం చేసేవారండి?"

"కోసేదాన్ని," అన్నారు. "కోయకూడదని ఎవరన్నారు? కోయడానికీ పద్ధతుంది. ముందు ఆ మనిషి ఏమయ్యాడో తెలుసుకోవాల. తెలిసినాక కోయాల. కోసినవాడి పేరు అక్కడ రాయాల. మేనేజ్‌మెంటు అని రాస్తే కుదరదు, అమ్మా నాన్నా పెట్టిన పేరు రాయాల. రేపేదన్నా అయితే నేనే కోశానని ముందుకు రావడానికి ఒక మనిషుండాలిగా."

ఆ రోజు నుంచి ఆవిడ ముందు 'అట' అనడానికి జంకేదాన్ని. పిడుగులాంటి మనిషని అందరూ అనుకునేవారు గానీ, నాకెప్పుడూ అలా అనిపించలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో చైనీస్ అన్నం కూరల పక్కన చిన్న డబ్బా తెరిచి గోంగూర పచ్చడి నా పళ్ళెంలో వేసేవారు. వద్దంటే వినేవారు కాదు. "ఈ చప్పిడి తిండి తింటే బుర్ర పనిచేయదు, తిను," అనేవారు. నాకు పెళ్ళయినప్పుడు, మా అమ్మాయి మేఘన పుట్టినప్పుడు మా వాళ్ళెవరూ రాకముందే వచ్చి నిలబడిందీ ఆవిడే. మేఘనకు నడక నేర్పింది నేనైతే, బూట్ల తాళ్ళు కట్టుకోవడం నేర్పింది ఆవిడ.

ఆవిడకు క్షమించడం తెలియదని, రాతిగుండె అని తర్వాత మా సంఘంలో చాలామంది అన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ సెల్వాన్ని చూడలేదు. సెల్వం తమిళనాడు నుంచి వచ్చిన ఫిట్టరు. ఒకసారి ఒక పైపు విప్పబోయి పక్క పైపు బోల్టులు విప్పేశాడు. సలసలకాగే నీళ్ళు చిమ్మాయి. అదృష్టం బాగుండి ఎవరి మీదా పడలేదు. మీటింగు గదిలో నిలబెడితే రెండు చేతులూ జోడించి "సారీ మేడమ్, సారీ మేడమ్" తప్ప ఇంకో మాట లేదు. సారీ చెప్పాడు కదా, ఇక ఊరికి పంపించేద్దాం, పీడా పోతుంది, అన్నాడు మేనేజరు.

సుభాషిణి గారు సెల్వానికి కుర్చీ చూపించారు. "సారీ పక్కన పెట్టు. ఏం జరిగిందో ముందు చెప్పు," అన్నారు తమిళంలో. అతను మళ్ళీ సారీ అన్నాడు. ఆవిడ మళ్ళీ అదే మాట అన్నారు. అప్పుడు మెల్లగా మొదలుపెట్టాడు. రెండు పైపులకూ ఒకే రంగు వేశారని, గుర్తు బిళ్ళ ఊడిపోయిందని, అయినా తను ఆగి అడగాల్సిందని, భోజనం వేళ దాటిపోతోందని తొందరపడ్డానని, అంతా చెప్పాడు. తన తప్పు తన నోటితో చెప్పాడు. ఆవిడ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అయిపోయాక, "ఇప్పుడు చెప్పు సారీ. వింటాను," అన్నారు. అతను చెప్పలేకపోయాడు, ఏడ్చేశాడు. ఆ ఉద్యోగం నిలబెట్టడానికి ఆవిడ పైవాళ్ళతో ఎన్నాళ్ళు కొట్లాడారో నాకు తెలుసు. నిజం చెప్పినవాణ్ణి పంపించేస్తే రేపట్నుంచి ఈ దీవిలో ఎవడూ నిజం చెప్పడు, అని ఒకటే పట్టు. సెల్వం ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. పైపులకు ఇప్పుడు వేరు వేరు రంగులున్నాయి.

తమ్ముడి సంగతి ఆవిడ నాకు చాలా ఏళ్ళు చెప్పలేదు. ఒక రిపబ్లిక్ డే నాడు మా స్టేషన్ పక్కన కాఫీ షాపులో కూర్చున్నాం. ఆవిడ ఫోను బల్ల మీద పెట్టి నా వైపు తిప్పారు. ఎవరో పంపిన వీడియో. జైలు గేటు దగ్గర జనం, డప్పులు, దండలు, కారు పైకప్పులోంచి చేతులూపుతూ ఒకాయన. నేను మామూలుగా చూశాను. ఇలాంటివి మనకు కొత్తేం కాదుగా. అప్పుడు చెప్పారు.

"మా కోటి పేపరుకు రాసేవాడు. ఊళ్ళో విలేకరి. వాగులో ఇసుక తోలుకుపోతున్నారని రాశాడు. లారీలు ఎవరివో కూడా రాశాడు. అందులో ఒక లారీనే వాణ్ణి తొక్కింది. యాక్సిడెంటన్నారు. ఆ డ్రైవరు మాత్రం జడ్జి ముందు నిలబడి, నేనే తొక్కాను, ఈయన తొక్కమన్నాడు, అని చెప్పేశాడు. వాడు చెప్పబట్టే ఈయనకు శిక్ష పడింది."

"మరిప్పుడెలా వదిలేశారండి?"

"సత్ప్రవర్తనంట." ఆ 'అంట' ఆవిడ నోట్లోంచి వినడం నాకు అదే మొదటిసారి. "మంచిగా నడుచుకున్నాడంట. జైల్లో ఉన్నదెప్పుడు, నడుచుకుందెప్పుడు? ఆస్పత్రిలో ఏసీ గదిలో ఉన్నాడు. ఆ డ్రైవరు ఇంకా లోపలే ఉన్నాడు పద్మా, తెలుసా? చెప్పినోడు లోపల, చేయించినోడు బయట. ఆ డ్రైవరుకు క్షమాభిక్ష పెడతామంటే మా అమ్మే వెళ్ళి సంతకం చేసేది."

ఆవిడ టీ చల్లారిపోయింది, తాగలేదు.

"మాటేంది చూడు. క్షమాభిక్ష. భిక్ష అంటే అడుక్కోవాల కదా. ఎవర్ని అడుక్కున్నాడు? మా అమ్మ గడప ముందుకొచ్చి నిలబడలేదే. పెట్టినోళ్ళయినా ఎవరి బియ్యం పెట్టారు? మా ఇంట్లో బియ్యం తీసి వాళ్ళ మనిషికి పోసుకున్నారు. మా అమ్మకు ఎట్టా తెలిసిందో తెలుసా? టపాకాయల చప్పుడికి తెలిసింది. ఊరేగింపు మా వీధిలోంచే పోయింది. ఏం పెళ్ళని ఎవర్నో అడిగిందంట."

మన ఓటుతో కుర్చీ ఎక్కినవాడు, మన కోర్టు తప్పని తేల్చినవాడు, మనం గెలిపించిన ఇంకొకడు సంతకం పెడితే ఇంటికొచ్చేశాడు. ఆ సంతకం ఎవరిదని అడిగితే 'ప్రభుత్వం' అంటారు. ప్రభుత్వానికి అమ్మా నాన్నా పెట్టిన పేరుండదు. సుభాషిణి గారు క్షమకు అడ్డం కాదు. ఆవిడకు కావలసింది ఒక్కటే, మమ్మల్ని అడిగారా అని. ఆ మాట ఆవిడ ఆ రోజు ఎన్నిసార్లన్నారో. అడిగితే మా అమ్మ ఏమనేదో నాకూ తెలియదు, అన్నారు చివర్లో. ఏమో, సరేననేదేమో. కానీ అడగాల.

అది జరిగిన మరుసటి ఉగాదికే మూర్తి గారు ఆవిడ ఇంటికొచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. మూర్తి గారు చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో పెద్ద ఉద్యోగి. చెడ్డవాడు కాదు. అందర్నీ కలుపుకుపోవాలి అనేది ఆయన ఊతపదం. ఊరి నుంచి ఎవరు పెద్దవాళ్ళు సింగపూర్ మీదుగా వెళ్తున్నారని తెలిసినా పట్టుకొచ్చి వేదికెక్కిస్తారు. ఆ ఏడు ఈ నాయకుడు వస్తున్నాడు.

"మేడమ్, శాలువా మీరే కప్పాలి," అన్నారు నవ్వు మొహంతో. "మన సంఘంలో మీరే పెద్ద. పైగా మీ జిల్లావాళ్ళే కదా ఆయన. మీకు గౌరవంగా ఉంటుందని నేనే పట్టుబట్టి మీ పేరు పెట్టించాను."

మీ జిల్లావాళ్ళే. ఎంత ప్రేమగా అన్నారో ఆ మాట. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా ముందు జిల్లా చూస్తారు, ఆ తర్వాత కులం చూస్తారు. చేతికి నెత్తురంటిందా అని మాత్రం చూడరు. ఆవిడ పుట్టింటివాళ్ళెవరో ఆయనకు తెలియదు. చనిపోయినవాడి పేరూ తెలియదు. చంపించినవాడి పేరే అందరికీ తెలుసు.

సుభాషిణి గారు కొంచెంసేపు ఆయన వంక చూశారు. "ఆయన జైలు నుంచి వచ్చినాయన కదా మూర్తిగారూ?"

"అదంతా రాజకీయ కక్షండి. అయినా ప్రభుత్వమే క్షమించేసిందిగా, ఇంక మనదేముంది?"

"సరే. కప్పుతాను."

ఆయన వెళ్ళిపోయాక నేను ఆగలేకపోయాను. మీకు మతిపోయిందా, ఆ మనిషికి శాలువా కప్పుతారా అని గట్టిగానే అరిచాను. ఆవిడ కప్పులు తీస్తూ, "అంత దూరం నుంచి వస్తున్నాడు కదా. ఒక మాట అడుగుతా. చెబితే కప్పుతా, లేకపోతే లేదు. శాలువా పళ్ళెం నువ్వు పట్టుకో," అన్నారు.

ఒక స్కూలు ఆడిటోరియంలో కార్యక్రమం. కాగితం కప్పుల్లో ఉగాది పచ్చడి. ముందు వరస సీట్లన్నీ టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఇక్కడివాళ్ళ మాటలో 'చోప్' చేసి, ముందే పట్టి ఉంచారు, నాయకుడి వెంట వచ్చేవాళ్ళ కోసం. పంతులు గారు పంచాంగం చదువుతూ రాజపూజ్యం, అవమానం ఏ రాశికి ఎంతో చెబుతున్నారు. సుభాషిణి గారు నా చెవిలో, "మా అమ్మ రాశికి అవమానం ఎంతో వినబడలేదే," అన్నారు. ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఆవిడ లేత పసుపు చీర కట్టుకున్నారు. ఆవిడను చీరలో చూడటం చాలా అరుదు.

ఆయన మాట్లాడాడు. సింగపూర్ శుభ్రత గురించి, ఇక్కడి క్రమశిక్షణ గురించి, ఇలాంటి పాలన మనకెప్పుడొస్తుందోనని. జనం చప్పట్లు కొట్టారు. జరిమానా పడుతుందని రైల్లో మంచినీళ్ళు తాగడానికి కూడా భయపడే మనుషులం, రోడ్డు మీద కాగితం పడేయని మనుషులం, ఇక్కడి రూల్సన్నీ తు.చ. తప్పకుండా పాటించే మనుషులం, ఆ నోటి నుంచి క్రమశిక్షణ అనే మాట విని చప్పట్లు కొట్టాం. నా చేతిలో పళ్ళెం ఉండబట్టి నేను కొట్టలేదు. లేకపోయినా కొట్టేదాన్ని కాదు.

తర్వాత శాలువా. ఆవిడ వేదికెక్కారు, వెనక నేను. ఆయన తల కొద్దిగా వంచి, చేతులు జోడించి, ఫొటోల వైపు తిరిగాడు. ఆవిడ శాలువా మడత విప్పలేదు. చేతి మీద వేసుకుని, మైకు తీసుకున్నారు.

"నమస్కారమండీ. మీకు క్షమాభిక్ష వచ్చిందంటే ఇంతమంది సంతోషపడుతున్నారు. నేనొక్క మాట అడుగుతాను. ఎవరిని చంపినందుకు మీకు శిక్ష పడిందో, ఆ మనిషి పేరు చెప్పండి. శాలువా కప్పుతాను."

ఆయన నవ్వు చెదరలేదు. "అదంతా అయిపోయిన విషయం తల్లీ. దేవుడి దయ," అన్నాడు.

"పేరండీ."

ఆయన కోపంతో చూస్తాడనుకున్నాను. సిగ్గుతో తలొంచుకుంటాడేమోనని కూడా అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని. అవి రెండూ జరగలేదు. పక్కనున్న తన మనిషి వైపు వంగి మెల్లగా అడిగాడు. మైకుకు అందలేదు గానీ, పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్న నాకు వినబడింది. "ఏం పేర్రా వాడిది?" అన్నాడు. ఆ పక్కవాడూ తల అడ్డంగా ఊపాడు. నటన కాదు. నిజంగానే గుర్తులేదు. ఆ ఒక్క క్షణం నేను ఈ జన్మలో మరచిపోలేను. చంపించడం కంటే ఇది నీచం అనిపించింది నాకు, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆవిడకూ వినబడింది. కళ్ళు మూసుకుని తెరిచారు. "కోటేశ్వరరావు," అన్నారు. "మా తమ్ముడు." ఆ రెండో ముక్క ఎవరికీ వినబడలేదు, ఈలోగా మైకు ఆపేశారు. ఆవిడ శాలువాను తెచ్చి నా పళ్ళెంలో పెట్టి, మెట్లు దిగి, నడిమి దారి గుండా బయటికి నడిచారు. నేను ఆ పళ్ళెం అక్కడే బల్ల మీద దించి వెనకాలే వెళ్ళాను. తలుపు దాటుతుంటే వ్యాఖ్యాత గొంతు వినబడింది, ఇప్పుడు చిన్నారుల కూచిపూడి నృత్యం అని.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటేనే ఎక్కువ మండుతుంది నాకు. ఆయన సంగతి సరే, ఆయన అంతే. మనవాళ్ళు? సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. అతిథిని అవమానించారన్నారు. సంఘం పరువు తీశారన్నారు. మనం పర్మిట్ తీసుకుంది సాంస్కృతిక కార్యక్రమానికి, ఈ దేశంలో మన రాజకీయాలు మాట్లాడకూడదు, సంఘానికి ముప్పు తెచ్చారు, అన్నారు. హంతకుణ్ణి పిలిచి పీట వేయడం సంస్కృతి, పోయినవాడి పేరు అడగడం రాజకీయం. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ కోటేశ్వరరావు మీకేమవుతాడు మేడమ్ అని అడగలేదు.

మూర్తి గారు మళ్ళీ వచ్చారు. "ఒక్క సారీ పెట్టేయండి మేడమ్, అయిపోతుంది."

"సారీ తర్వాత. ఏం జరిగిందో ముందు చెబుతాను, కూర్చో మూర్తీ," అన్నారు ఆవిడ. గారు పోయింది. "నేను రాజకీయం మాట్లాడలేదు. ఏ పార్టీ పేరూ ఎత్తలేదు. మా తమ్ముడి పేరు అడిగాను. అది తప్పని నీకనిపిస్తే, ఏం తప్పో నువ్వు చెప్పు, నేను సారీ చెబుతాను."

ఆయన కూర్చోలేదు. పనుందని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమే ఆవిడను గ్రూపులోంచి తీసేశారు. ఎవరు తీశారంటే, 'కమిటీ నిర్ణయం' అన్నారు. అక్కడా మనిషి పేరు లేదు. నేనూ బయటికొచ్చేస్తానంటే ఆవిడే వద్దన్నారు. "నువ్వు ఉండు. పిల్లకు తెలుగు పాటలు నేర్పిస్తున్నారుగా. అందరం వచ్చేస్తే లోపల అడిగేవాళ్ళెవరు?" అన్నారు. తర్వాత రెండు ఉగాదులకు ఆవిడ ఇంట్లోనే పచ్చడి చేసుకుని మాకు డబ్బాలో పంపారు. ఆ రెండో ఏడు ఆస్పత్రిలో చేరారు. చివర్లో మాట బలహీనపడినా మనిషి మెత్తబడలేదు. నేను తలుపు దగ్గరికేసి వస్తుంటే, "లాగి చూడు," అన్నారు. ఆస్పత్రి తలుపులకు తాళాలుండవని చెప్పడం ఇష్టంలేక లాగి చూశాను.

ఇవాళ పొద్దున పాలు తుడిచి, మళ్ళీ ఫోను తీసేలోపే మూర్తి గారు ఫోన్ చేశారు.

"మెసేజీ చూశావా పద్మా? పోయినసారి ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళారు. ఈసారైనా సవ్యంగా పంపించాలి. నువ్వు కప్పితే బాగుంటుందమ్మా, ఆ రోజు నువ్వే కదా పళ్ళెం పట్టుకుంది. ఆయనా సంతోషిస్తారు."

"సుభాషిణి గారు ఆ రోజు అడిగిన మాటకు జవాబు వచ్చిందా అండీ?"

ఆయన నిట్టూర్చారు. "పాపం ఆవిడ కూడా లేరు కదమ్మా. ఇంక అడ్డమేముంది?"

పాపం అన్నారు. అడ్డమేముంది అన్నారు. రెండూ ఒకే ఊపిరిలో. నాకు ఆ పంపు, దాని మీద మిగిలిపోయిన ఎర్ర తాళం, ఆ తాళానికి అడ్డంగా నిలబడ్డ మనిషి కళ్ళ ముందుకొచ్చారు. గట్టిగా అరుస్తాననుకున్నాను. అరవలేదు. నా గొంతు నాకే ఆవిడ గొంతులా వినబడింది.

"తాళం వేసిన మనిషి లేకపోతే కోయచ్చు మూర్తిగారూ. కోసినవాళ్ళ పేరు రాయాలి. కమిటీ అని కాదు. అతిథి ఎవరిని చంపించి శిక్ష పడ్డాడో, ఆయన్ని పిలవాలని ఎవరు నిర్ణయించారో, ఆహ్వాన పత్రికలో రెండు పేర్లూ వేయండి. మీ పేరు వేస్తారా?"

"అదేంటమ్మా, అలా అంటావు," అని ఏదో గొణిగి పెట్టేశారు. శాలువా ఎవరో ఒకరు కప్పుతారు. అది నాకు తెలుసు. ఈ దేశంలో చేతులకు కొరవేమీ లేదు.

ఫోను తెరిచి సంఘం గ్రూపులోకి వెళ్ళాను. ఉగాది ఏర్పాట్ల గురించి, వంటల గురించి, పార్కింగ్ గురించి మెసేజీలు వరసగా ఉన్నాయి. వాటి కింద ఒకే ఒక మాట రాశాను. కోటేశ్వరరావు. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. ఎవరెవరు చదివారో తెరిచి చూస్తే, ఒకదాని తర్వాత ఒకటి పేర్లు చేరుతున్నాయి. కాసేపటికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

మేఘన స్కూలు బ్యాగు తగిలించుకుంటూ నా భుజం మీంచి ఫోనులోకి చూసింది. "హూ ఇజ్ దట్, అమ్మా? మన రిలేటివా?"

"కూర్చో," అన్నాను. "ఏం జరిగిందో చెబుతాను."

"లేట్ అయిపోతుంది లా," అంది ఇక్కడి పిల్లల యాసలో.

"అవనీ. కూర్చో."